నడుము డిస్క్ ఆపరేషన్ ‘ఫెయిలైంది’ అంటే అసలు ఏం జరిగినట్టు?

పెళ్లి భోజనాల దగ్గర ఒకరు నడుం నొప్పి మాట ఎత్తితే చాలు, పక్క విస్తరి దగ్గర నుంచి ఇంకొకరు అందుకుంటారు. “డిస్క్ ఆపరేషన్ మాత్రం వద్దండీ. మా బావమరిది చేయించుకున్నాడు. ఆర్నెల్లు బాగానే ఉన్నాడు, మళ్లీ మొదలు. ఫెయిలైంది.” ఎదురుగా కూర్చున్నాయన ఒప్పుకోడు. “మా వియ్యంకుడు మర్నాడే లేచి నడిచాడు. పదేళ్లయింది, మళ్లీ డాక్టరు మొహం చూడలేదు.” ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చిక్కంతా ఆ ‘ఫెయిల్’ అనే ఒక్క మాటలో ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు సంగతుల్ని మనం ఆ మాటలో కుక్కేస్తున్నాం.

గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ 2025 అక్టోబరులో నడుములో కృత్రిమ డిస్క్ పెట్టించుకున్నాడు. 2014 నుంచి లెక్కపెడితే అతని వెన్నుకు అది ఏడో ఆపరేషన్. ఆ వార్త చూసినవాళ్లకు సహజంగానే వచ్చిన అనుమానం: ఏడుసార్లా? అంటే మొదటిది సరిగ్గా చేయలేదా? దీనికి జవాబు కావాలంటే ముందు డిస్క్ అంటే ఏమిటో, ఆపరేషన్‌లో దాన్ని ఏం చేస్తారో తెలియాలి.

బూరె పగిలితే పూర్ణం ఎటు పోతుంది

నడుములో ఐదు పూసలుంటాయి. పైనుంచి ఎల్1 మొదలుకొని ఎల్5 దాకా లెక్క. వాటి కింద త్రికాస్థి, దాని పై భాగం ఎస్1. పూసకూ పూసకూ మధ్య ఉండే మెత్తే డిస్క్. దాన్ని బూరెలాగా ఊహించుకుంటే సులువు: పైన గట్టి తోపు, లోపల మెత్తటి పూర్ణం. తోపు చుట్టూ కాస్త ఉబ్బితే ఎంఆర్ఐ రిపోర్టులో ‘బల్జ్’ అని రాస్తారు. ఒకచోట పొడుచుకొస్తే ‘ప్రొట్రూజన్’. తోపు చిరిగి పూర్ణం బయటికొస్తే ‘ఎక్స్‌ట్రూజన్’. ఆ ముక్క తెగి విడిగా పడితే ‘సీక్వెస్ట్రేషన్’. మనం వీటన్నిటినీ కలిపి ‘డిస్క్ జారింది’ అంటాం. నిజానికి డిస్క్ ఎక్కడికీ జారదు, లోపలిది బయటికొస్తుంది.

నడుములో ఇలా పగిలే డిస్కుల్లో నూటికి 90కి పైగా చివరి రెండే: ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1. బయటికొచ్చిన ముక్క పక్కనే దిగే నరాన్ని నొక్కుతుంది, దాని చుట్టూ వాపూ తెస్తుంది. ఎల్5 నరమైతే నొప్పి పాదం మీదుగా బొటనవేలి వైపు, ఎస్1 అయితే పిక్క మీదుగా చిటికెనవేలి వైపు దిగుతుంది. దీనికే సయాటికా అని పేరు. రోగం నడుములో ఉంటుంది, బాధ కాలిలో తెలుస్తుంది. మిగతా కథంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

కాలి కోసం చేసే ఆపరేషన్

పగిలిన డిస్క్ వల్ల సయాటికా వస్తుందని 1934లో బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ గట్టిగా నిరూపించారు. అప్పటిదాకా సర్జన్లు ఆ ముక్కను చూసి కణితి అనుకునేవారు. 1977లో సర్జన్లు యాసర్గిల్, కాస్పర్ ఎవరికి వారు మైక్రోస్కోప్ కింద చేసే పద్ధతిని వెల్లడించారు. అదే ఇవాళ్టి మైక్రోడిస్కెక్టమీ. సన్నని గొట్టంలో కెమెరా పంపి చేసే ఎండోస్కోపీ పద్ధతి ఆ తర్వాత వచ్చింది. (చిన్న రంధ్రంతో చేసే ప్రతిదాన్నీ మనవాళ్లు ‘లేజర్ ఆపరేషన్’ అంటారు. చాలావాటిలో లేజర్ ఊసే ఉండదు.)

పద్ధతి ఏదైనా పని ఒక్కటే: నరాన్ని నొక్కుతున్న ముక్కను తీసేయడం. డిస్క్‌ను బాగుచేయడం ఇందులో లేదు. తోపుకు పడిన చిల్లును మామూలుగా కుట్టరు. అరిగిన డిస్క్ అరిగినట్టే ఉంటుంది. అందుకే కాలి నొప్పి తగ్గినంత గట్టిగా నడుం నొప్పి తగ్గుతుందన్న భరోసా ఉండదు. కాలి నొప్పి పోయి నడుము పట్టేసినట్టు ఉంటున్న మనిషి ఆపరేషన్ ఫెయిలైందంటాడు. సర్జన్ తన కాగితంలో సక్సెస్ అని రాసుకుంటాడు. ఇద్దరూ కొలిచేది ఒకటి కాదు.

అసలు ఆపరేషన్ లేకుండా తగ్గదా అంటే, చాలామందికి తగ్గుతుంది. బయటికొచ్చిన ముక్కను శరీరమే నెమ్మదిగా కరిగించుకోగలదు. నెదర్లాండ్స్‌లో ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో బాధపడుతున్న 283 మందిని రెండు జట్లుగా విడదీసి ఫలితాలు 2007లో ప్రచురించారు. ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్. రెండో జట్టు ఆగి చూసింది, వాళ్లలో 39 శాతం మంది ఆనక ఆపరేషన్‌కే వెళ్లారు. ముందు చేయించుకున్నవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నామనే చెప్పారు. ఆపరేషన్‌తో దొరికేది ఎక్కువగా సమయం అన్నమాట. నొప్పితో నిద్రలేని మూడు నెలలు తప్పడం కూలిపని చేసేవాడికి చిన్న విషయమేమీ కాదు. మూత్రం పట్టు తప్పడం, పాదం వాలిపోవడం లాంటివి ఉన్నప్పుడు ఈ లెక్కలేవీ పనికిరావు, ఆగి చూడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ఒకే రమణయ్య, నాలుగు తేదీలు

ఒక మనిషిని ఊహించుకుందాం. పేరు రమణయ్య, 44 ఏళ్లు, ఎరువుల కొట్టు. 45 కిలోల యూరియా బస్తా ఎత్తబోయి నడుము పట్టేసింది. వారానికి కుడి కాలు చిటికెనవేలి దాకా జివ్వున లాగడం మొదలైంది. ఎల్5-ఎస్1 దగ్గర ఎక్స్‌ట్రూజన్. ఎనిమిది వారాలు ఓపిక పట్టి ఆపరేషన్ చేయించుకున్నాడు. మర్నాటికి కాలి నొప్పి లేదు, పాదం అంచున తిమ్మిరి మాత్రం మిగిలింది. ఆ తిమ్మిరి ఫెయిల్యూర్ కాదు. నలిగిన నరం తేరుకోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి పూర్తిగా తేరుకోదు కూడా.

ఈ రమణయ్యకు నొప్పి మళ్లీ వచ్చిందనుకోండి. వచ్చిన తేదీని బట్టే కారణం మారిపోతుంది.

మొదటి రెండు రోజుల్లో: ముందు ఆపరేషన్ బల్ల మీదే జరిగే పొరపాట్లు ఉన్నాయి. నరాల చుట్టూ ఉండే పలుచని సంచి చిరిగితే వెన్నుద్రవం కారుతుంది. మొదటి ఆపరేషన్లలో ఇది నూటికి మూడు చొప్పున జరుగుతుందని ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో తేలింది. కనిపించగానే కుట్టేస్తే చాలావరకు అక్కడితో సరి. కారుతూనే ఉంటే లేచి కూర్చోగానే తల పగిలిపోతుంది, పడుకోగానే తగ్గుతుంది. ఆ తలనొప్పిని గుర్తుపట్టడానికి అదే ఆనవాలు. చాలా అరుదుగా పరికరం డిస్క్ ముందు గోడ దాటి పొట్టలోని పెద్ద రక్తనాళానికి తగులుతుంది. రక్తం గాయంలో కనిపించకుండా పొట్టలోకి పోతుంది కాబట్టి బీపీ పడిపోయేదాకా తెలియకపోవచ్చు. ప్రాణం మీదికొచ్చేది ఇదే. ఇక ఆపరేషన్ అయిన చోట రక్తం గడ్డకట్టి నరాలన్నిటినీ ఒకేసారి నొక్కితే రెండు కాళ్లూ బలహీనపడతాయి, సైకిల్ సీటు తగిలే చోటల్లా మొద్దుబారుతుంది, మూత్రం రాదు. గంటల్లో మళ్లీ తెరవాల్సిన పరిస్థితి అది.

మూడో వారంలో: రమణయ్య కాలు బాగానే ఉంది. కుట్లు మానాయి, గాయం శుభ్రంగా ఉంది, జ్వరం కూడా లేదు. కానీ మంచం మీద ఒత్తిగిలాలంటే ప్రాణం పోతోంది. ఎవరైనా మంచం అంచుకు తగిలినా కేక పెడుతున్నాడు. ఇంట్లోవాళ్లు ‘ఆపరేషన్ నొప్పులే’ అని సర్దిచెబుతారు. బాగా తగ్గి, మధ్యలో కొన్నాళ్లు హాయిగా ఉండి, ఆపైన నడుములోనే ఇంత నొప్పి వస్తే డాక్టర్లు అనుమానించేది డిస్సైటిస్‌ను, అంటే డిస్క్ లోపల పట్టిన ఇన్‌ఫెక్షన్‌ను. ఇక్కడ సీఆర్‌పీ అనే రక్తపరీక్ష పనికొస్తుంది. ఏ ఆపరేషన్ తర్వాతైనా అది పెరిగి, రెండు మూడు రోజులకు శిఖరానికి చేరి, దాదాపు రెండు వారాల్లో దిగివస్తుంది. దిగకపోయినా, దిగి మళ్లీ ఎక్కినా లోపల ఏదో ఉన్నట్టే. ఎంఆర్ఐ ఒక్కటే చూస్తే తికమక పడొచ్చు, ఎందుకంటే ఆపరేషన్ అయిన కొత్తలో ఆ డిస్క్ ఎలాగూ మామూలుగా కనిపించదు. సూదితో ముక్క తీసి ఏ క్రిమో చూస్తారు. ఎక్కువసార్లు అది స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా. మన దేశంలో టీబీని కూడా మరిచిపోరు. చాలామందికి మళ్లీ కోయకుండానే, వారాల తరబడి యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది.

ఐదో నెలలో: పొద్దున పళ్లు తోముకుంటూ తుమ్మాడు. అదే కాలు, అదే చిటికెనవేలు, అదే జివ్వుమనే నొప్పి. బూరె చిల్లు కుట్టలేదు కదా, లోపల మిగిలిన పూర్ణం మళ్లీ బయటికొచ్చింది. దీన్నే ‘రికరెంట్ డిస్క్’ అంటారు. పెళ్లిలో విన్న బావమరిది కథ చాలావరకు ఇదే. చిల్లు ఎంత వెడల్పుగా ఉంటే మళ్లీ రావడం అంత ఎక్కువని అమెరికా సర్జన్ కరాగీ 2003లో చూపించాడు. సన్నని చీలిక ఉన్నవాళ్లలో అది నూటికి ఒకరికి జరిగితే, పెద్ద చిల్లు ఉన్నవాళ్లలో నలుగురిలో ఒకరికి పైగా జరిగింది. సర్జన్ పనితనం కన్నా ముందే డిస్క్ ఎలా పగిలిందన్నది కొంత రాసిపెట్టేసినట్టు. పొగతాగే అలవాటు, షుగర్ కూడా ఈ అవకాశాన్ని పెంచేవే.

ఇలా ఒక్కసారిగా కాకుండా నొప్పి నెలనెలా మెల్లగా పాకుతూ వస్తే నరం చుట్టూ పేరుకున్న మచ్చకణజాలం మీదికి అనుమానం పోతుంది. రంగు మందు ఎక్కించి ఎంఆర్ఐ తీస్తే తేడా తెలుస్తుంది: మచ్చలో రక్తనాళాలుంటాయి కాబట్టి అది వెలుగుతుంది, డిస్క్ ముక్క లోపల నల్లగానే ఉండి అంచు మాత్రం మెరుస్తుంది. అయితే ఆపరేషన్ అయిన వాళ్లలో దాదాపు అందరికీ ఎంతో కొంత మచ్చ ఉంటుంది, నొప్పి లేనివాళ్లకు కూడా. మచ్చ కనిపించినంత మాత్రాన దోషి అదేనని అనలేం.

ఏడో ఏట: ఈసారి నొప్పి బొటనవేలి వైపు దిగింది. అంటే పై అంతస్తు, ఎల్4-ఎల్5. లేదా ఆపరేషన్ చేసిన చోటే డిస్క్ కుంగి నరం దారి ఇరుకైంది, పూసలు కుదురుగా నిలవడం లేదు. ఏడేళ్ల కింద చేసిన ఆపరేషన్ ఫెయిలైందనడం ఇక్కడ అన్యాయం. వయసు పెరిగింది, బస్తాలు అవే, పైగా అదే వెన్ను.

ఒక్కరోజు కూడా తగ్గనివాళ్ల సంగతి

ఈ నాలుగు తేదీల్లోనూ ఇమడని వాళ్లున్నారు. ఆపరేషన్ తర్వాత కాలి నొప్పి ఒక్కరోజు కూడా తగ్గనివాళ్లు. వీళ్ల విషయంలో ప్రశ్న వెనక్కి తిరుగుతుంది: సరైన చోటే తెరిచారా? ముక్క ఏదైనా మిగిలిందా? అసలు నొప్పికి కారణం ఆ డిస్కేనా?

అంతస్తు తప్పడం వినడానికి నమ్మబుద్ధి కాదు గానీ, లెక్కలోనే ఒక మెలిక ఉంది. కొందరికి చివరి నడుము పూస త్రికాస్థితో కలిసిపోయి ఉంటుంది, ఇంకొందరికి త్రికాస్థి పై భాగం విడిపోయి ఆరో పూసలా కనిపిస్తుంది. పైనుంచి లెక్కపెడితే ఒకటి, కిందినుంచి లెక్కపెడితే ఇంకొకటి. అందుకే మత్తు ఇచ్చాక బల్ల మీదే ఎక్స్‌రే తీసి చోటు ఖాయం చేసుకుంటారు.

నొప్పికి డిస్క్ కారణం కాకపోవడం ఇంకా మామూలు. 1994లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో నడుం నొప్పి లేని 98 మందికి ఎంఆర్ఐ తీస్తే, అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే. సగానికి పైగా మందికి ఎక్కడో ఒకచోట బల్జ్ ఉంది. వాళ్లలో ఎవరికైనా తుంటి కీలు అరిగో, షుగర్ వల్ల పాదాలు మండో ఆ ఫిల్మ్ కవరు పట్టుకుని వెళితే, డిస్క్ మీద నేరం మోపడం ఎంత సులువో చూడండి. వాట్సాప్‌లో రిపోర్టు ఫొటో పంపి ‘ఆపరేషన్ కావాలా?’ అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోవడానికి కారణం ఇదే. ఫొటోలో బూరె కనిపిస్తుంది, నొప్పి కనిపించదు.

నూటికి ఎందరు మళ్లీ బల్ల ఎక్కుతారు

సంచి చిరగడం లెక్క చెప్పిన ఆ అమెరికన్ అధ్యయనం పేరు స్పోర్ట్. 13 ఆస్పత్రుల్లో జరిగింది. డిస్క్ ఆపరేషన్ అయిన వాళ్లను ఎనిమిదేళ్లు వెంటాడితే నూటికి 15 మందికి మళ్లీ ఆపరేషన్ జరిగింది. అందులో సగానికి పైగా అదే చోట మళ్లీ పగిలినవి.

ఈ 15ని రెండు వైపుల నుంచీ తప్పుగా చదువుతారు. ‘85 మందికి పూర్తిగా నయమైంది’ అని ఒకరంటారు. కాదు, 85 మంది మళ్లీ కోయించుకోలేదు, అంతే. వాళ్లలో నొప్పితో సర్దుకుపోయినవాళ్లు, భయపడి ఆగినవాళ్లు, మళ్లీ పగిలినా మందులతో తగ్గినవాళ్లు కూడా ఉంటారు. ‘15 మందికి డాక్టర్లు చెడగొట్టారు’ అని ఇంకొకరంటారు. అదీ కాదు, కొందరిది కొత్త అంతస్తులో వచ్చిన కొత్త జబ్బు.

మరి మళ్లీ పగలకుండా లోపలి పూర్ణమంతా గోకేస్తే పోలా? సర్జన్లు దశాబ్దాలుగా వాదించుకుంటున్నది దీని మీదే. ఎక్కువ తీస్తే మళ్లీ పగలడం తగ్గుతుంది. కానీ డిస్క్ త్వరగా కుంగి నడుం నొప్పి పెరుగుతుంది. బయటికొచ్చిన ముక్క మాత్రమే తీస్తే నడుము బాగుంటుంది, కాలికి ముప్పు మిగిలే ఉంటుంది. ఇప్పుడు మొగ్గు తక్కువ తీయడం వైపే ఉంది. పెద్ద చిల్లున్నవాళ్లకు పూసలో బిగించి చిల్లు మూసే పరికరం ఒకటి వచ్చింది. 2019లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని అనుమతించింది. దాన్ని పెట్టినవాళ్లలో మళ్లీ పగలడం తగ్గింది గానీ, పరికరం ఆనే చోట పూస ఎముకలో మార్పులు ఎక్కువగా కనిపించాయి. మేలు ఎంత, మార్పులు ఎంత అన్న దగ్గర నిపుణులు రెండుగా చీలారు. ఎండోస్కోపీ సంగతికొస్తే, 2022లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనం అది కాలి నొప్పి తగ్గించడంలో మైక్రోడిస్కెక్టమీకి తీసిపోదని తేల్చింది. కోత చిన్నదే, బూరె చిల్లు మాత్రం రెండిట్లోనూ అదే.

రెండో ఆపరేషన్: ఒకే పేరు, రెండు రకాలు

‘ఒక్కో ఆపరేషన్‌కీ ఫలితం సగానికి పడిపోతుంది’ అనే మాట వైద్యుల్లో ప్రచారంలో ఉంది. తరచూ ఉదహరించే అంకెలు ఇవి: బాగుపడేవాళ్లు రెండోసారి 30 శాతం, మూడోసారి 15, నాలుగోసారి 5. వింటే గుండె జారుతుంది. మరోపక్క, మళ్లీ పగిలిన డిస్క్‌కు రెండోసారి చేస్తే ఫలితం మొదటిదానికి దగ్గరగానే ఉందని చెప్పే సర్జన్లున్నారు. రెండూ ఎలా నిజమవుతాయి? వాళ్లు మాట్లాడే రోగులు వేరు. ఐదో నెల రమణయ్యకు స్పష్టమైన ముక్క ఉంది, దానికి సరిపోయే కాలి నొప్పి ఉంది, మధ్యలో హాయిగా గడిచిన ఐదు నెలలున్నాయి. తీయడానికి ఒక వస్తువంటూ ఉంది. మచ్చ వల్లో, నరమే దెబ్బతినో, కారణం తెలియకుండానో బాధపడుతున్న మనిషికి మళ్లీ తెరిస్తే తీయడానికి ఏమీ దొరకదు, పైగా కొత్త మచ్చ చేరుతుంది. ఆ భయపెట్టే అంకెలు ఎక్కువగా ఇలాంటివాళ్లవి.

రెండోసారి తెరవడం చేతికి కష్టం కూడా. పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి, ఏది సంచో ఏది మచ్చో తెలియదు, చిరిగే అవకాశం పెరుగుతుంది. రెండో సర్జన్ మొదటి ఆపరేషన్ నోట్సు కోసం పట్టుబట్టేది అందుకే. డిశ్చార్జి కాగితంలో ఉండే నాలుగు లైన్లు ఆయనకు చాలవు.

స్క్రూలు, రాడ్లు వేసి పూసలు కలిపేయడం, అంటే ఫ్యూజన్, ఎప్పుడు అన్నది మరో వాదం. మొదటిసారి మళ్లీ పగిలినప్పుడు ముక్క తీస్తే చాలని ఎక్కువమంది అంటారు. పూసలు జారుతున్నా, రెండోసారి కూడా అదే చోట పగిలినా ఫ్యూజన్ వైపు మొగ్గుతారు. కలిపేశాక అక్కడ మళ్లీ పగిలేది ఉండదు. కదలని కీలు బరువు పక్క కీలు మీద పడొచ్చు. అది బరువు వల్లేనా, ఎలాగూ వచ్చే అరుగుదలా అన్నది ఇంకా తేలలేదు.

ఇప్పుడు వుడ్స్ లెక్క చూడండి. 2014లో మైక్రోడిస్కెక్టమీ. 2015లో మళ్లీ ముక్క, మళ్లీ ఆపరేషన్, ఆ వెంటే ఇంకోటి. 2017లో ఎల్5-ఎస్1 ఫ్యూజన్. దాని తర్వాత 2019లో మాస్టర్స్ టోర్నీ గెలిచాడు. 2020 డిసెంబరులో ఇంకో ముక్క తీయించుకున్నాడు. 2024లో నరం ఒత్తిడి తగ్గించే ఆపరేషన్. 2025లో పై అంతస్తు ఎల్4-ఎల్5 డిస్క్ కుంగిందని దాని స్థానంలో కృత్రిమ డిస్క్. మళ్లీ పగలడం, కలిపేయడం, పై అంతస్తు, అన్నీ ఒకే వెన్నులో వరసగా ఉన్నాయి.

కెనెడీ కథ ఇంకో రకం. అమెరికా అధ్యక్షుడు కాకముందు 1944లో ఆయనకు డిస్క్ ఆపరేషన్ అయింది, నొప్పి తగ్గలేదు. 1954లో లోహపు ప్లేటుతో ఫ్యూజన్ చేశారు. ఆయనకు అప్పటికే అడ్రినల్ గ్రంథులు సరిగ్గా పనిచేయని అడిసన్స్ జబ్బు, దానికి స్టెరాయిడ్లు. ఇన్‌ఫెక్షన్ సోకి ప్రాణాల మీదికొచ్చింది. 1955లో ప్లేటు తీసేశారు. 1957లో అక్కడే చీముగడ్డను తెరిచి శుభ్రం చేశారు. మొదటిదాని తర్వాతి మూడూ ఒకదాని బాకీ ఇంకోటి తీర్చినట్టు నడిచాయి.

కోతతో పని అయిపోయాక మిగిలే నొప్పి

తీయడానికి ముక్క లేదు, బిగించడానికి జారుతున్న పూస లేదు, అయినా నొప్పి ఉంది. దీన్ని చాలాకాలం ‘ఫెయిల్డ్ బ్యాక్ సర్జరీ సిండ్రోమ్’ అన్నారు. ఆ పేరు వింటే తప్పు సర్జన్‌దో రోగిదో అయినట్టు ఉంటుంది. అందుకే ఇప్పుడు నొప్పి నిపుణులు దాన్ని పక్కనపెట్టి, ‘వీడని వెన్నునొప్పి’ అనే అర్థం వచ్చే పేరు వాడుతున్నారు. నరాల నొప్పికి వాడే మందులు, వ్యాయామం, నిద్ర, దిగులు, అన్నిటినీ కలిపి చూసే వైద్యం ఇది.

వీళ్ల కోసమే వచ్చింది వెన్నుపాము స్టిమ్యులేటర్. వెన్నుపాము పక్కన సన్నని తీగ పెట్టి, చర్మం కింద చిన్న బ్యాటరీతో కరెంటు పంపుతారు. ముందు కొన్నాళ్లు తాత్కాలికంగా పెట్టి చూసి, నొప్పి తగ్గితేనే పక్కాగా అమరుస్తారు. కాలి నొప్పి బాగా తగ్గిందని తొలి అధ్యయనాలు చెప్పాయి. కానీ వాటిలో ఎవరికి పరికరం ఉందో రోగికి తెలుసు. 2022లో వెలువడిన నార్వే అధ్యయనంలో వెన్ను ఆపరేషన్ అయ్యాక కూడా నొప్పి వీడని 50 మందికి పరికరం అమర్చి, వాళ్లకు తెలియకుండా కొన్ని నెలలు కరెంటు ఇస్తూ, కొన్ని నెలలు ఆపేస్తూ చూశారు. రెండిటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందులో వాడిన కరెంటు తీరు మామూలుగా వాడేది కాదని పరికరాన్ని సమర్థించేవాళ్లు అంటున్నారు.